ఎఫ్‌టీ8, ఒలీవియా, వారా: తిరుపతి మేడ మీద ఏది పెట్టుకోవాలి, దానికి ఏ రేడియో కొనాలి

హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాగా నడుపుకునే సొంత రేడియో) పరీక్ష పాసై, కొత్తగా కాల్‌సైన్ (గాల్లో మన పేరు) వచ్చిన కుర్రాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, డిజిటల్‌కి ఏ రేడియో కొనాలి?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఎవరికి, ఏం పంపాలని?" చాలామంది అక్కడ ఆగిపోతారు. దానికి జవాబు దొరికితే మోడ్ దొరుకుతుంది, అంటే ఎఫ్‌టీ8, ఒలీవియా, వారా లాంటి, కంప్యూటర్‌ని రేడియోకి కలిపి అక్షరాలు పంపే పద్ధతి. మోడ్ తేలితే డబ్బా ఏదో దానంతటదే తేలుతుంది. ఈ వరస తిరగేసి, ముందు లక్ష పోసి రేడియో తెచ్చుకుని, తర్వాత దాంతో ఏం చేద్దామా అని కూర్చున్నవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు.

ఇదంతా తిరుపతి మేడ మీద నుంచి వేసిన లెక్క అని ముందే చెప్పాలి. మాకు ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా అడ్డం. వీధి నిండా ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు. సాయంత్రం ఏడింటికి 7 మెగాహెర్ట్జ్ మీద మా మీటరు ముల్లు ఎస్7 కిందికి దిగదు, అంటే ఎవరూ మాట్లాడకపోయినా అంత రొద. ఇక పైన, మన సంకేతాల్ని కిందికి వంచి పంపే గాలి పొర అయనోస్పియర్ అల్లరి వేరే ఉంది. యూరప్ వాళ్ళకి చక్కగా కుదిరిన సలహా ఇక్కడ ఒక్కోసారి అడ్డం తిరుగుతుంది.

చెక్కు మీద అంకెలు, అక్షరాలు

బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని అంకెల్లో వేసి, మళ్ళీ అక్షరాల్లో రాస్తాం. అంకెల మీద నీటిచుక్క పడినా అక్షరాల్ని చూసి ఎంతో చెప్పేయొచ్చు. పంపేవాడే ముందుజాగ్రత్తగా అదనపు సమాచారం కలిపి పంపడం అన్నమాట. దీన్ని ఫార్వర్డ్ ఎర్రర్ కరెక్షన్, పొట్టిగా ఎఫ్‌ఈసీ అంటారు. రెండో పద్ధతి మనం ఫోన్లో రోజూ చేసేదే: "ఆ? వినపళ్ళేదు, మళ్ళీ చెప్పు." తప్పొచ్చిందని అవతలి స్టేషన్ కనిపెట్టి మళ్ళీ అడుగుతుంది. ఇది ఏఆర్‌క్యూ. కనిపెట్టడం ఎలాగంటే, ప్రతి ముక్క చివర సీఆర్‌సీ అనే సరిచూపు లెక్క ఒకటి ఉంటుంది, కిరాణా చీటీ అడుగున మొత్తం వేసినట్టు. మొత్తం కుదరకపోతే తప్పుందని తెలుస్తుంది, ఏ వరసలో ఉందో తెలియదు.

పాత రేడియో టెలిప్రింటర్ పద్ధతి ఆర్‌టీటీవైలో ఈ రెండూ లేవు. ఒక ఉరుము ఉరిమితే అక్షరం మారిపోతుంది, మారిందని మీకు తెలియను కూడా తెలియదు. 1990ల చివర్లో ఇంగ్లండ్ హ్యామ్ పీటర్ మార్టినెజ్ తెచ్చిన పీఎస్‌కే31 కూడా అందరూ వాడే రూపంలో దిద్దుబాటు లేనిదే. కబుర్లకి బాగుంటుంది, తప్పొస్తే వాక్యాన్ని బట్టి ఊహించుకోవచ్చు. ఫోన్ నంబరు పంపినప్పుడు మాత్రం ఊహకి తావులేదు.

ఎఫ్‌టీ8: ఎక్కడిదాకా వినపడుతున్నామో తెలుసుకోవడానికి

2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ కలిసి దీన్ని బయటపెట్టారు. పేరులో ఎఫ్, టీ వాళ్ళిద్దరివే, 8 అంటే ఎనిమిది టోన్లు (వేర్వేరు స్వరాలు). ఈ టేలర్ 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న టేలరే. సన్నటి సంకేతాన్ని రొదలోంచి ఏరడం ఆయనకి వృత్తిలోనే ఉన్న పని.

దీని లోపలి లెక్క నాకు ముచ్చటగా ఉంటుంది. అసలు సందేశం 77 బిట్లు. దానికి 14 బిట్ల సీఆర్‌సీ కలిపితే 91. ఆపైన ఇంకో 83 బిట్లు కేవలం దిద్దుబాటు కోసం. మొత్తం 174 బిట్లు గాల్లోకి పోతే అందులో సగం కంటే ఎక్కువ కాపలా సరంజామానే. ఇంత కాపలా ఉంది కాబట్టే 2500 హెర్ట్జ్ వెడల్పులో కొలిచినప్పుడు రొద కంటే 20 డెసిబెల్స్ కింద ఉన్న సంకేతాన్ని కూడా పైకి లాగుతుంది. సీఆర్‌సీ కుదరకపోతే తెర మీద ఏమీ చూపించదు. అబద్ధం చెప్పడం కంటే మౌనం మేలన్న పద్ధతి.

దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే, మాట్లాడటానికి ఏమీ ఉండదు. కాల్‌సైన్, గ్రిడ్ (పటాన్ని గళ్ళుగా కోస్తే మనమున్న గడి గుర్తు), సిగ్నల్ రిపోర్టు, సెలవు. సొంత మాట పంపాలంటే ఒక్కో విడతకి 13 అక్షరాలే. గ్రిడ్ సంగతి ఇంకా తమాషా. తిరుపతిది ఎంకే93. చిత్తూరుదీ ఎంకే93. మదనపల్లెదీ అదే. ఆస్ట్రేలియా వాడి పటంలో మేమంతా ఒకే గడిలో కూర్చుని ఉంటాం.

గడియారం విషయంలో ఒక దెబ్బ తిన్నాను, చెప్పుకోవాలి. ఎఫ్‌టీ8 పదిహేను సెకన్ల వాటాలతో నడుస్తుంది, అందులో 12.64 సెకన్లు ప్రసారం. మీ కంప్యూటర్ టైమ్ ఒక సెకను అటూఇటూ దాకా సర్దుకుంటుంది, ఆపైన కష్టం. ఒక ఆదివారం సాయంత్రం 14.074 మెగాహెర్ట్జ్ మీద వాటర్‌ఫాల్ (సంకేతాలు గీతలుగా కనపడే తెర) నిండా పసుపు గీతలు, కూరగాయల మార్కెట్టంత సందడి, డీకోడ్ మాత్రం సున్నా. యాంటెన్నా విప్పాను, కేబుల్ మార్చాను, సౌండ్ కార్డు సెట్టింగులు తిరగేశాను. రాత్రి తొమ్మిదిన్నరకి మా అబ్బాయి వచ్చి, "నాన్నా, నీ ల్యాప్‌టాప్ టైమ్ లేటుగా ఉందే" అన్నాడు. నాలుగు సెకన్లు వెనకుంది. ఆ వారమంతా ల్యాప్‌టాప్‌ని నెట్‌కి కలపనే లేదు. మేడ మీద నెట్ రాకపోతే చిన్న యూఎస్‌బీ జీపీఎస్ ఒకటి పెట్టుకోండి, టైమ్ అదే సర్దుతుంది.

ఎఫ్‌టీ8 బలమే కావాలి, మాటలూ కావాలి అంటే దాని పునాది మీదే కట్టిన జేఎస్8కాల్ ఉంది. నెమ్మదిగానే అయినా వాక్యాలు పోతాయి, అవతలివాడు సీట్లో లేకపోయినా సందేశం దాచి ఉంచుతుంది. మన దగ్గర వాడేవాళ్ళు తక్కువ, అదే చిక్కు. అవతల మనిషి లేని మోడ్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

సాయంత్రం, గాదంకి పైన ఆకాశం

తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో వెళ్తే గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. అక్కడి రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, యాగీ యాంటెన్నాలే వెయ్యికి పైగా వరసలు తీర్చి ఉంటాయి. దాన్ని ఇక్కడ పెట్టడం వల్ల శాస్త్రవేత్తలకి దొరికిన వాటిలో ఒకటి మనలాంటివాళ్ళకి తలనొప్పి. మనం అయస్కాంత భూమధ్యరేఖకి బాగా దగ్గర. సూర్యుడు దిగాక ఇక్కడి అయనోస్పియర్ పై పొర ఇంకా పైకి లేచి, అన్నం ఉడికేటప్పుడు అడుగు నుంచి బుడగలు వచ్చినట్టు, పల్చటి బుడగలు పుట్టుకొస్తాయి. మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో ఇది మరీ ఎక్కువ.

ఆ బుడగల మధ్య నుంచి వచ్చిన సంకేతం వణుకుతుంది. సన్నగా నిలువుగా ఉండాల్సిన టోన్ పక్కలకి చెదిరి దూదిలా అవుతుంది. ఎఫ్‌టీ8 టోన్ల మధ్య ఎడం 6.25 హెర్ట్జ్ మాత్రమే. వణుకు అంత వెడల్పైతే పక్క టోన్ ఏదో ఈ టోన్ ఏదో దానికి తెలియదు. 21, 28 మెగాహెర్ట్జ్ మీద రాత్రి ఎనిమిదింటప్పుడు దక్షిణం వైపు స్టేషన్లు చెవికి గట్టిగా వినపడుతూ కూడా డీకోడ్ కాకపోవడం నేను చాలాసార్లు చూశాను. కొత్తవాళ్ళు రేడియో పాడైందని భయపడతారు. రేడియోకేం కాలేదు, ఆకాశమే అలా ఉంది.

ఇలాంటప్పుడు నేను ఒలీవియాకి మారతాను. పోలండ్ హ్యామ్ పావెల్ యలోహా తయారుచేసినది. 32 టోన్లు, 1000 హెర్ట్జ్ వెడల్పు ఉన్న రూపంలో టోన్ల మధ్య ఎడం 31.25 హెర్ట్జ్, అంటే ఎఫ్‌టీ8కి ఐదు రెట్లు. చెదిరినా ఒకదానిమీద ఒకటి పడవు. పైగా 7 బిట్ల అక్షరాన్ని 64 బిట్లుగా సాగదీసి పంపుతుంది. రొదకి 10 డెసిబెల్స్ పైచిలుకు కిందికి పోయినా చదువుతుంది. ఆ విషయంలో ఎఫ్‌టీ8 కంటే వెనకే, కానీ వణుకులో నిలబడేది ఇదే. వేగం సెకనుకి రెండున్నర అక్షరాలు, తాపీగా టైపు చేసే మనిషికి సరిపోతుంది. ఇంకా నయం, దీనికి గడియారం అక్కర్లేదు.

ఒలీవియాలో ఒక లోటు ఉంది. మళ్ళీ అడిగే ఏర్పాటు లేదు, సరిచూపు లెక్కా లేదు. దిద్దుబాటుని మించిన దెబ్బ తగిలితే తప్పు అక్షరం నిక్షేపంగా తెర మీద పడుతుంది. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, ఘాట్ రోడ్లు మూసేశారు, రాయలచెరువు కట్ట లీకైతే కింది ఊళ్ళని ఖాళీ చేయించారు. అలాంటి రోజున "40 దుప్పట్లు" కాస్తా "10 దుప్పట్లు" అయితే? అందుకే ఒలీవియాలో అంకెలు పంపేటప్పుడు ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో పంపుతాను. మళ్ళీ చెక్కు పద్ధతే.

చిత్తూరుకి చీటీ పంపాలంటే

చిత్తూరులో ఒక మిత్రుడున్నాడు. రోడ్డు మీద డెబ్బై కిలోమీటర్లు, మధ్యలో కొండలు. చేతి వీహెచ్‌ఎఫ్ సెట్టుతో నేరుగా అందడు. 7 మెగాహెర్ట్జ్ మీద పగటిపూట మాత్రం పక్కింట్లో ఉన్నట్టే. కిటుకు ఏమిటంటే యాంటెన్నా ఎత్తు పెంచకూడదు. అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు తీగని ఐదారు మీటర్ల ఎత్తులోనే కడితే సంకేతం నిలువుగా పైకి పోయి వానలా చుట్టూ జిల్లా మొత్తం మీద పడుతుంది. దూరదేశాల కోసం స్తంభం ఎత్తు పెంచుకున్న పెద్దలకి చిత్తూరు వినపడదు, మా కొబ్బరితాడు యాంటెన్నాకి వినపడుతుంది.

మేమిద్దరం ఫైళ్ళు పంపుకోవడానికి వారా పెట్టుకున్నాం. స్పెయిన్ హ్యామ్ రాసిన సాఫ్ట్‌వేర్. అనేక సన్నటి వాహకాల మీద ఒకేసారి డేటా పంపి, ఎఫ్‌ఈసీ, ఏఆర్‌క్యూ రెండూ వాడుతుంది. దారి బాగుంటే వేగం పెంచుతుంది, చెడితే తగ్గిస్తుంది. ఫైలు చేరితే పూర్తిగా తప్పుల్లేకుండా చేరుతుంది, లేకపోతే చేరలేదని చెబుతుంది. ఉచితంగా వాడితే వేగం తక్కువ, పూర్తి వేగానికి 69 డాలర్ల దాకా కట్టాలి. విండోస్ కోసం రాసింది. జర్మన్ కంపెనీ పాక్టర్ మోడెమ్ కూడా ఇదే పని ఇంకా దిట్టంగా చేస్తుంది, కానీ ఆ డబ్బా ఒక్కటే వెయ్యి డాలర్లు దాటుతుంది. సముద్రం మీద పడవలో తిరిగేవాడైతే ఆలోచించవచ్చు. తిరుపతిలో వద్దు.

మొదటిసారి వారాలో నేను పంపింది ఒక తెలుగు చీటీ. తెలుగు పంపాలనుకునేవాళ్ళకి ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. "తిరుపతి" అన్న మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 8 బైట్లు. తెలుగులో రాస్తే కంప్యూటర్ దాన్ని నాలుగు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఏడు ముక్కలుగా చూస్తుంది. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 21 బైట్లు. అందులో ఒక్క బైటు చెడినా ఆ అక్షరం డబ్బా గుర్తైపోతుంది. అందుకని దిద్దుబాటు లేని మోడ్‌లో తెలుగు పంపడం దండగ. ఎఫ్‌టీ8లో దారే లేదు. వారాలో మామూలు ఫైలులా పెట్టి పంపితే పొల్లు కూడా పోకుండా చేరుతుంది. చేరిన వెంటనే మావాడు ఫోన్ చేసి, "న్నా, ఒత్తులు గూడా తేటగా వచ్చినాయి!" అని అరిచాడు. చీటీలో ఉన్నది వాళ్ళావిడ అడిగిన నిమ్మకాయ కారం కొలతలు.

ఊరి లోపల మాటకొస్తే, వీహెచ్‌ఎఫ్ మీద 1200 బాడ్ వేగంతో సందేశాన్ని ముక్కలుగా పంపే ప్యాకెట్ పద్ధతి ఉంది. చేతి సెట్టు, కేబుల్, డైర్‌వుల్ఫ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఇందులో సీఆర్‌సీ ఉంది, దిద్దుబాటు లేదు. ఒక్క బిట్ పోతే ముక్క మొత్తం చెత్తబుట్టలోకే. ఇద్దరి దగ్గరా డైర్‌వుల్ఫ్ ఉంటే ఎఫ్ఎక్స్.25 ఆన్ చేసుకోండి, పాత పద్ధతి మీదే రీడ్-సాలమన్ దిద్దుబాటు తొడిగి పంపుతుంది, పాత సెట్లవాళ్ళకీ ఇబ్బంది ఉండదు. 145.825 మెగాహెర్ట్జ్ మీద అంతరిక్ష కేంద్రం తలమీదుగా పోయేటప్పుడు ప్యాకెట్ వినడం పిల్లలకి మంచి సరదా. తక్కువ పవర్‌తో చిన్న సందేశాలు పంపే లోరా బోర్డులు కూడా కుర్రాళ్ళు తెస్తున్నారు. 865-867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ లేకుండానే నడుస్తాయి. కాకపోతే వాటి మెష్ సాఫ్ట్‌వేర్ సందేశాన్ని గుప్తంగా మార్చి పంపుతుంది, హ్యామ్ బ్యాండ్‌లో అది కుదరదు. అన్నట్టు, చేతి సెట్టు, యాంటెన్నా పట్టుకుని శేషాచలం అడవి అంచుకి మాత్రం వెళ్ళకండి. ఎర్రచందనం కాపలా వాళ్ళకి సీఆర్‌సీ గురించి చెప్పి ఒప్పించడం కష్టం.

ఇప్పుడు డబ్బా

మోడ్‌కీ రేడియోకీ ఉన్న లింకు చాలామంది గమనించరు. ఎఫ్‌టీ8, జేఎస్8, ఒలీవియా ఒకసారి ఒక్క టోన్ మాత్రమే పంపుతాయి, బలం పెరగదు తరగదు. పీఎస్‌కే31, వారాల్లో సంకేతం ఎత్తు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, వాటికి వక్రం లేకుండా పెంచే లీనియర్ యాంప్లిఫయర్ ఉండాలి. క్యూఆర్‌పీ ల్యాబ్స్ వాళ్ళ క్యూడీఎక్స్ చిన్న కిట్ చూశారా? 5 వాట్లు, అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది, సౌండ్ కార్డు లోపలే, ఒక్క యూఎస్‌బీ తీగ. కిట్ ధర వంద డాలర్ల లోపే. ఎఫ్‌టీ8కి ఇంతకంటే చవకైన మంచి దారి నాకు తెలియదు. కానీ అది ఒక్క టోన్ మోడ్‌లకే. "మంచి రివ్యూలున్నాయి" అని కొని, తర్వాత వారా నడవడం లేదని ఏడిస్తే తప్పు దానిది కాదు.

మన హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ రూపకల్పన చేసిన మైక్రోబిట్‌ఎక్స్ అన్ని మోడ్‌లకీ పనికొస్తుంది, పది వాట్ల దాకా ఇస్తుంది. విప్పి చూసి నేర్చుకోవాలనే వాడికి దాన్ని మించిన గురువు లేడు. రెండు జాగ్రత్తలు. చివరి ట్రాన్సిస్టర్లు ఐఆర్‌ఎఫ్510లు. ఎఫ్‌టీ8 లాంటి ఎడతెగని ప్రసారానికి, మే నెల తిరుపతి మేడగదిలో, ఫ్యాను పెట్టకపోతే చెయ్యి కాలుతుంది. రెండోది, పంపడం నుంచి వినడానికి మారేటప్పుడు రిలేలు (లోపలి స్విచ్‌లు) కొట్టుకుంటాయి. వారాలో అటూఇటూ నిమిషానికి ఎన్నోసార్లు మారాలి, టిక్కుటిక్కుమని గది మోగిపోతుంది. ఆయనదే తర్వాత వచ్చిన ఎస్‌బిట్‌ఎక్స్‌లో రాస్ప్‌బెర్రీ పై లోపలే ఉంది, ఎఫ్‌టీ8 దాని తెర మీదే నడుస్తుంది.

డబ్బుంటే ఐకామ్ ఐసీ-7300. వంద వాట్లు, సౌండ్ కార్డు లోపలే, ఒక తీగ గుచ్చితే పని అయిపోతుంది. లక్ష దాటుతుంది. యాయెసు ఎఫ్‌టీ-891 కూడా వంద వాట్లే, ధర తక్కువ, కానీ దాని యూఎస్‌బీ తీగ రేడియోని అదుపు చేయడానికే, శబ్దం పోదు. వెనక డేటా సాకెట్‌కి విడిగా ఇంటర్‌ఫేస్ కావాలి. షియెగు జీ90కీ అంతే. సిగ్నలింక్, డిజిరిగ్ లాంటివి కొనొచ్చు. చేతిలో పని ఉన్నవాడికి కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ సౌండ్ కార్డు, రెండు చిన్న 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక ఆప్టోకప్లర్ చాలు. ట్రాన్స్‌ఫార్మర్లు మానేయొద్దు, లేకపోతే కరెంటు గుయ్‌మనే శబ్దం మీ సంకేతంతో పాటు ఊరంతా వింటుంది.

వంద వాట్ల సెట్టు కొన్నా ఎఫ్‌టీ8కి ముప్పై మించి పెట్టకండి. ఆడియో స్థాయిని ఏఎల్‌సీ (సెట్టు తనంతట తానే ప్రసారం బలాన్ని అదుపు చేసే ఏర్పాటు) ముల్లు కదలనంత కిందికి తగ్గించండి. అది కదిలిందంటే మీ సంకేతం పక్కలకి చిమ్ముతోందని, ఎంత దిద్దుబాటు ఉన్న మోడ్‌కైనా అవతలివాడికి కష్టమే. విదేశం నుంచి తెప్పించుకునేవాళ్ళు లైసెన్స్ చేతికొచ్చాకే ఆర్డర్ పెట్టండి. మీ గ్రేడ్‌కి ఏ బ్యాండ్లు, ఎంత పవర్, ఏ రకం ప్రసారాలు రాసిచ్చారో లైసెన్స్ కాగితంలోనే చదువుకోండి.

కొత్తవాడి చేతిలో ముప్పై వేలే ఉన్నాయనుకుందాం. నేనైతే క్యూడీఎక్స్ కిట్, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్, ఇరవై మీటర్ల తీగతో మొదలుపెట్టి, రోజూ సాయంత్రం ఎఫ్‌టీ8, అవతల మనిషి దొరికినప్పుడు ఒలీవియా చేయమంటాను. జిల్లాలో వరదలప్పుడు పనికొచ్చే బృందంగా పనిచేయాలనుకుంటే లెక్క మారుతుంది: వారా నడిపే లీనియర్ సెట్టు, పన్నెండు వోల్టుల బ్యాటరీ, అన్నిటికంటే ముఖ్యంగా అవతల ఊళ్ళో అదే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న ఇంకొకడు. ఒక్కడే వారా కొనుక్కోవడం ఒక్క చెప్పు కొనుక్కున్నట్టు.

ఆ ముప్పై వేలలో, మన ప్రసారం తీగల వెంట కంప్యూటర్లోకి దూరకుండా ఆపే ఫెర్రైట్ రింగులకి కూడా కొంచెం తీసిపెట్టండి. మొదట్లో తీగ చివర కిటికీ పక్కనే కట్టాను. నలభై వాట్లు వదలగానే మౌస్ బాణం తెర మీద గడ్డకట్టింది, పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే మీట) నొక్కుకుపోయి సెట్టు ప్రసారం ఆపడం లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆపు బటన్ ఉంది కానీ దాన్ని నొక్కాల్సిన మౌస్ చచ్చిపోయింది. రెండు నిమిషాల తర్వాత వెచ్చటి ప్లాస్టిక్ వాసన వచ్చాక గానీ నాకు ప్లగ్ పీకాలని తట్టలేదు. ఇప్పుడు యూఎస్‌బీ తీగ ఎనిమిది చుట్లు రింగులో తిప్పి ఉంది, సప్లై స్విచ్ నా ఎడమ చేతికి అందేచోట ఉంది.